రెండు వైపులా సముద్రం

"సార్, మాల్టా దీవిల స్నానాల మెట్లు ఎవరు కట్టించిండ్రు?"

ఆ ప్రశ్న వెనక నుంచి వచ్చింది. చక్రధర్ చేతిలో కుంచె ఆగింది. నిచ్చెన మీది నుంచి తల తిప్పి చూశాడు. మే నెల ఎండలో నీలం గొడుగు, దాని కింద ఒక అమ్మాయి. ఆమె చూపు అతని మీద లేదు, గోడ మీద ఉంది.

కామారెడ్డిలో రైల్వే స్టేషన్‌కు అవతలి సందులో ఒక చిన్న ప్రార్థన మందిరం. వేసవి సెలవుల్లో అక్కడ పిల్లలకు బైబిలు తరగతులు జరుగుతాయి. ఈసారి వాళ్ళ కోసం ప్రహరీ గోడ మీద, పౌలు అనే అపొస్తలుడు ఖైదీగా రోముకు వెళుతూ మాల్టా దగ్గర ఓడ పగిలిన ప్రయాణం పటం గీయించాలనుకున్నారు. చక్రధర్ ఎల్లారెడ్డి సర్కారు బడిలో సోషల్ సారు. పటాలు గీయడంలో అతనికి చుట్టుపక్కల బడుల్లో పేరుంది. అదే బడిలో ఇంగ్లీషు చెప్పే తార ఈ మందిరానికి వచ్చే మనిషి. ఆమె అడిగితే కాదనలేకపోయాడు. నిజానికి ఇంట్లో సెలవులు గడవడం లేదు, అందుకని వచ్చాడు.

"రెండు ప్రవాహాలు కలిసిన చోట ఓడ దిగబడ్డదని మందిరం అయ్యగారు చెప్పిండ్రు," అన్నాడు చక్రధర్. "రెండు ఏర్లు కలిస్తే సంగమం. సంగమం కాడ మెట్లుంటయి."

"మాల్టాలనా?"

"కందకుర్తిల, గోదారి కాడ ఉన్నయి."

ఆమె గొడుగు మూసి గోడకు దగ్గరగా వచ్చింది.

"మరి మెట్ల మీద కూసున్నాయన ఎవరు?"

"స్నానానికి వచ్చినాయన."

"అవతల పౌలు గారి ఓడ పగిలిపోతుంటే ఈయన ఇక్కడ వీపు రుద్దుకుంటున్నడా సార్?"

కింద రంగు కలుపుతున్న తార పడి పడి నవ్వింది. చక్రధర్ నవ్వలేదు. నొచ్చుకోలేదు కూడా. గోడ వంక మరోసారి చూసి, గుడ్డ తీసుకుని, "చెరిపేస్త," అన్నాడు.

"ఊకనే చెరిపేస్తరా? ఎందుకు తప్పో అడగరా?"

"ఎందుకు తప్పు?"

ఆమె పేరు అరుణజ్యోతి. మందిరం పాస్టరు స్వామిదాసు గారి ఒక్కతే కూతురు. హైదరాబాదులో క్రైస్తవ వేదాంత విద్య చదివి, అక్కడే గ్రీకు నేర్చుకుని ఈ మధ్యే తిరిగి వచ్చింది. ఆ సంగతి తార చెప్పేలోపే ఆమె పాఠం మొదలుపెట్టేసింది.

"గ్రీకుల ఆ చోటును దిథాలస్సోస్ అన్నరు. కొత్త నిబంధన మొత్తంల ఒక్క దగ్గరనే వస్తది ఆ మాట. ది అంటే రెండు. మన ద్వికి చుట్టమే. థాలస్సా అంటే సముద్రం. రెండు సముద్రాల చోటు అన్నట్టు. అండ్ల ఏరు లేదు, సంగమం లేదు."

"రెండు సముద్రాలు కలిసేదా?"

"అట్ల చెప్పెటోళ్ళు ఉన్నరు. కానీ ఆ మాటల కలిసుడు అనేదే లేదు సార్. రెండు దిక్కుల సముద్రం ఉన్నది, అంతే. నడుమ ఇసుక తిన్నె కావచ్చు. నీళ్ళ కింద బండ కావచ్చు. సముద్రంలకు పొడుచుకొచ్చిన సన్నటి నేల కావచ్చు. వెనకట భూగోళం రాసిన గ్రీకులు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు వాడిండ్రు. ఇదే అని ఒట్టేసి చెప్పెటోళ్ళు లేరు."

చక్రధర్ నిచ్చెన దిగి వచ్చాడు. తెలియదన్న సంగతిని ఇంత ఇష్టంగా చెప్పే మనిషిని అతను ఇంతకుముందు చూడలేదు.

అప్పుడే స్వామిదాసు గారు లోపలి నుంచి వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో తాళాల గుత్తి. గోడ చూసి చిన్నగా నవ్వారు.

"మెట్లు తీసెయ్యి నాయనా. ప్రవాహాలు ఉండనీ."

"డాడీ, అవి ప్రవాహాలు కావు. గ్రీకుల..."

"మన తెలుగుల ఉన్నది నాకు చాలు బిడ్డా. రెండు నీళ్ళు కలిసిన చోట ఓడ పగిలింది. నేను ఏండ్ల నుంచి అదే చెప్తున్న. పిల్లలు కూడ అదే చూడాలె."

ఆయన లోపలికి వెళ్ళాక తార గొంతు తగ్గించి చెప్పింది. "ఆ ప్రసంగం విననోళ్ళు ఈ మందిరంల లేరు సార్. ఎవరన్నా పిల్లనో పిలగాడో వేరే మతమోళ్ళను చేసుకుంటమన్నరనుకో, ఆ ఆదివారం మా అందరికీ ఓడ పగులుతది."

అరుణజ్యోతి ఆ మాటకు నవ్వలేదు. చక్రధర్ వైపు తిరిగింది. "ఇప్పుడు ఏం గీస్తరు సార్?"

"అయ్యగారు చెప్పింది గీస్త. గోడ ఆయనది."

"పటం మీది కదా?"

అతను మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. మెట్లూ వాటి మీది మనిషీ చెరిపి, రెండు నీలి ప్రవాహాలను అలాగే ఉంచాడు. ఆమె కాసేపు చూసింది. గొడుగు విప్పకుండానే ఎండలో ఇంటికి వెళ్ళిపోయింది.

"కోపమొచ్చింది," అంది తార.

"తెలుస్తనే ఉన్నది," అన్నాడు చక్రధర్.

మర్నాడు తార భిక్నూర్‌లో ఏదో పెళ్ళికి వెళ్ళింది. చక్రధర్ ఒక్కడే గోడ మిగతా భాగం పని చేసుకుంటున్నాడు. చిన్న పటం మీద గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్దవిగా గోడ మీద కొట్టి, ఒక్కో గడిలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం అతని పద్ధతి. గళ్ళు కొట్టాలంటే నీలి పొడి అద్దిన దారాన్ని రెండు కొసల్లో ఇద్దరు లాగి పట్టుకోవాలి, నడుమ పట్టుకుని వదలాలి. ఒక కొసకు మేకు కొట్టాడు. మేకు ఊడింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఊడింది.

"ఇటియ్యండి," అని వచ్చి ఆ కొస పట్టుకుంది అరుణజ్యోతి. "కోపం పోలేదు. మేకు బాధ చూడలేక వచ్చిన."

"మంచిది," అన్నాడతను. దారం వదిలాడు. గోడ మీద సన్నటి నీలి గీత పడింది, కొంత పొడి ఆమె ముక్కు మీద కూడా పడింది. చెప్పాలా వద్దా అని అతను చాలాసేపు ఆలోచించాడు. చెప్పలేదు. మధ్యాహ్నం స్వామిదాసు గారు చెప్పేదాకా అది అలాగే ఉంది.

"మీరు చూసిండ్రు కదా, ఎందుకు చెప్పలే?" అని గొడవకు వచ్చింది.

"అనవసరంగ మాట్లాడినట్టు అయితదని."

"సార్, మీ నోట్ల నుంచి మాట రావాలంటే అర్జీ పెట్టుకోవాల్నా?"

అతనికి నవ్వు వచ్చింది. కొద్దిగానే. ఆమె గమనించింది.

సాయంత్రం టీ తాగుతూ అతనే ఒక ప్రశ్న వేశాడు. "ఆ థాలస్సా అనే మాట, అది ఎక్కడిది?"

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. "గ్రీకుల సొంతం కాదంటరు. వాళ్ళ పూర్వీకులు సముద్రం లేని దేశం నుంచి వచ్చిండ్రట. ఒడ్డున అప్పటికే ఉన్నోళ్ళ దగ్గర ఆ మాట తీసుకున్నరని చాలామంది అంటరు. ఆ ఒడ్డు మనుషులు ఎవరో, వాళ్ళ భాష ఏందో సరిగ్గ తెల్వది. మాట మాత్రం మిగిలింది."

"నీళ్ళు చూసి, ఇదేంది అని అడిగి ఉంటరు."

"అడిగి ఉంటరు. మనకు లేని దానికి పేరు ఎదుటోళ్ళనే అడగాలె కదా."

చక్రధర్ గోడ వైపే చూస్తూ మాట్లాడాడు. "మా అమ్మ సముద్రం చూడలే. నిజాంసాగర్ నిండినప్పుడు చూసి, ఇంతకన్న పెద్దగుంటదా అన్నది. బీడీలు చేసేది. పోయిన శ్రావణంల పోయింది. ఆమె చాటల కత్తిరించిన తునికాకు అట్లనే ఉన్నది. బాపు తియ్యనియ్యడు. నాకూ తియ్యబుద్ధి కాదు."

అరుణజ్యోతికి ఓదార్పు మాటలు చాలా తెలుసు. తండ్రి వెంట చావు ఇళ్ళకు వెళ్ళి వెళ్ళి నేర్చుకున్నవి. వాటిలో ఒక్కటీ పలకలేదు. లేచి వెళ్ళి ఇంకో గ్లాసు టీ తెచ్చి అతని ముందు పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎల్లారెడ్డి బస్సు వేళ అయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

పటం పూర్తయింది. బడులు తెరిచారు. కామారెడ్డికి వెళ్ళే పని ఇక లేదు. ఒక ఆదివారం సాయంత్రం చక్రధర్ ఫోన్ చేశాడు.

"మేడం, ఒక సందేహం. గలిలయ సముద్రం మంచినీళ్ళ చెరువు కదా. దాన్ని కూడ థాలస్సా అనే రాసిండ్రా?"

"కొన్ని దగ్గర్ల రాసిండ్రు. లూకా మాత్రం చెరువు అనే అన్నడు. ఆయన పెద్ద సముద్రం ఎరిగినోడేమో."

"మంచిది. ఉంట మరి."

మరుసటి ఆదివారం ఇంకో సందేహం. ఆ తర్వాత ఇంకోటి. ఒకసారి ఆమె అడిగేసింది. "మీ సందేహాలు ఆదివారం సాయంత్రమే పుడతయా సార్? వారం మధ్యల పుట్టవా?"

"పుడతయి. ఆపుకుంటున్న."

"ఆపుకోకుండ్రి," అంది. అప్పటి నుంచి ఫోన్లు రోజూ సాగాయి. వాటిలో గ్రీకు మాటలు తగ్గుతూ వచ్చాయి.

శ్రావణంలో తల్లి సంవత్సరీకం జరిగింది. ఆ వారమే వానలు గట్టిగా పడి నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. చూడటానికి జనం బండ్ల మీద, ఆటోల మీద వస్తున్నారు. తార కూడా అరుణజ్యోతిని వెంటబెట్టుకుని వచ్చింది. కట్ట మీద చక్రధర్‌ను చూడగానే, "నాకు మక్క కంకి కావాలె," అని తార జనంలో కలిసిపోయింది. కంకులు అమ్మే అవ్వ వాళ్ళ పక్కనే ఉంది.

ఒకవైపు నిండు సాగరం, మసక వెలుతురులో అవతలి ఒడ్డు కనబడకుండా ఉంది. ఇంకోవైపు గేట్ల కింద మంజీర తెల్లగా దూకుతోంది. సన్నటి తుంపర. అది వానో, కింది నుంచి లేచిన నీళ్ళో తెలియడం లేదు.

"రెండు దిక్కుల నీళ్ళున్నయి," అన్నాడు చక్రధర్.

"ఉన్నయి."

"నడుమ మనమున్నం."

"అది కూడ కనబడుతున్నది సార్."

అతను రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "మిమ్ముల చేసుకోవాలని ఉన్నది. మీకు ఇష్టమైతే."

ఆమె గొడుగు కొంచెం అతని వైపు వంచింది. "గింత చిన్న మాటకు సాగర్ నిండేదాక ఆగిండ్రా?"

"అమ్మ ఏడాది కానీ అనుకున్న."

ఆమె ముఖంలో అల్లరి పోయింది. "నాకు ఇష్టమే," అంది. "కానీ మా డాడీ ప్రసంగం నీకు తెలుసు." మీరు అనే మాట ఎప్పుడు జారిపోయిందో ఆమె చూసుకోలేదు. "నేను మందిరం విడవను. నిన్ను బాప్తిస్మం తీసుకోమని అడగను. డాడీ దీనికి ఒప్పుకోకపోతే నేను ఆయనను కాదని రాలేను. రానని కూడ చెప్పలేను. ఆ రోజు నువ్వు మళ్ళ, గోడ ఆయనది అని పక్కకు జరిగితే నాకు కష్టమైతది."

"జరుగను," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రికి చెప్పాడు. గంగారాం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బియ్యం ఏరుతూ అంతా విన్నాడు.

"కిరస్తానోళ్ళ పిల్లనా?"

"అవును బాపు."

"మన పోచమ్మకు మొక్కుతదా?"

"మొక్కదు. నువ్వు మొక్కుతుంటే అడ్డం రాదు."

"వంట?"

"మనకన్న మంచిగనే చేస్తది."

"మనకన్న కుక్క మంచిగ చేస్తది రా," అన్నాడు గంగారాం. బియ్యం పక్కన పెట్టాడు. "మీ అమ్మ ఉంటే ముందుగాల కొట్లాడేది. తర్వాత నాకన్న ముందే బస్సు ఎక్కేది. పా, ఆదివారం పోదాం. ఆమె అడగవలసింది నేను అడుగుత."

ఆదివారం ఆరాధన అయ్యాక జనం వెళ్ళిపోయారు. స్వామిదాసు గారు తండ్రీ కొడుకులను ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. గంగారాం వచ్చిన పని చెప్పాడు. ఆయనకు కోపం రాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీ అబ్బాయి మంచోడు. నాకు తెలుసు. కానీ ఈ మందిరంల ఎంతోమంది పిల్లలకు నేను ఇదే మాట చెప్పిన. రెండు నీళ్ళు కలిసిన చోట ఓడ పగిలింది. ఆ మాట విని మనసు చంపుకున్నోళ్ళున్నరు. ఇప్పుడు నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎట్ల మార్చుకోను?"

"మార్చక్కర్లేదు డాడీ," అరుణజ్యోతి గుమ్మం దగ్గర నిలబడే అంది. "అసలు అక్కడ ఆ మాటనే లేదు. దిథాలస్సోస్ అంటే..."

"నేను గ్రీకు చదవలేదు బిడ్డా. చదివించే స్తోమత మా నాయనకు లేకుండె. నిన్ను చదివించిన. ఇన్నేండ్లు నేను తప్పు చెప్పిన అని నలుగురి ముందు చెప్పడానికేనా?"

ఆమె కళ్ళు నిండాయి. చక్రధర్ ఆమె వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. తర్వాత స్వామిదాసు గారి వైపు తిరిగాడు.

"అయ్యగారూ, మీరు చెప్పినట్టే ఉండనీండ్రి. రెండు నీళ్ళు కలిసినయి, ఓడ పగిలింది. నేను ఒప్పుకుంట. పటం గీయడానికని ఆ అధ్యాయం మొత్తం చదివిన. తర్వాత ఏమైందో కూడ అండ్ల ఉన్నది."

స్వామిదాసు గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఈత వచ్చినోళ్ళు దుంకి ఈదిండ్రు. రానోళ్ళు పలకలు, చెక్కలు పట్టుకొని పోయిండ్రు. ఖైదీలు, సిపాయిలు, అందరు ఒడ్డుకు చేరిండ్రు. ఒక్కరు కూడ సావలేదు. పోయింది ఓడనే." తండ్రి వైపు ఒకసారి చూశాడు. "మా ఇంట్ల మనిషే పోయింది అయ్యగారూ. వస్తువులన్ని ఉన్నయి. చాట ఉన్నది, కత్తెర ఉన్నది. ఓడ పోవుడు ఏందో, మనిషి పోవుడు ఏందో నాకు ఇప్పుడు తెలుసు. ఓడ పగులుతదని భయపడి అరుణను వదులుకోమంటే, నేను వదులుకోలేను. మీరు వద్దంటే మీ బిడ్డను తీసుకపోను. మళ్ళ వచ్చి అడుగుత."

అతను ఇంత పొడుగు మాట మాట్లాడటం అక్కడున్న ఎవరూ ఎరగరు. గంగారాం కొడుకు వైపు నోరు తెరిచి చూశాడు.

స్వామిదాసు గారు అడిగారు. "నీకు ఈత వచ్చునా?"

"రాదు."

"నాకు కూడ రాదు డాడీ," అంది అరుణజ్యోతి కళ్ళు తుడుచుకుంటూ.

"నాకొస్తది," అన్నాడు గంగారాం. "ఇద్దర్ని చెరొక చేత పట్టుకుంట గని, మీరు పలక పట్టుకోండ్రి అయ్యగారూ."

స్వామిదాసు గారికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళద్దాలు మళ్ళీ తీసి తుడుచుకున్నారు. ఈసారి ఎక్కువసేపు తుడిచారు.

"మా బిడ్డను ఆదివారం ఆరాధనకు రానిస్తరా?"

"పొద్దుగాల ఆరింటికే బస్సున్నది, లింగంపేట మీదికెళ్ళి. నేనే ఎక్కిస్త. సీటు దొరకకపోతే నన్ను అడుగుండ్రి."

"మా ఇంట్ల ప్రార్థన ఉంటది, మీ ఇంట్ల బోనం ఉంటది. పిల్లలు నలుగుతరు గంగారాం గారూ."

"నలుగుతరు. మనం లేమా?"

స్వామిదాసు గారు కూతురి వైపు చూశారు. "వచ్చే ఆదివారం రమ్మను వీళ్ళను," అన్నారు. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ వారమంతా అరుణజ్యోతి ఫోన్‌లో ఒకే మాట అడిగింది. "డాడీ ఏం చెప్తడంటవ్?" చక్రధర్ ఒకే జవాబు చెప్పాడు. "తెల్వదు. వస్తున్న."

ఆదివారం మందిరం నిండింది. తండ్రీ కొడుకులు వెనక వరుసలో కూర్చున్నారు. స్వామిదాసు గారు లేచి ఆ ఓడ అధ్యాయమే తీశారు. ముందు వరుసలో తార భుజాలు బిగుసుకున్నాయి. అందరికీ ఆ ప్రసంగం కంఠతా వచ్చు.

ఆయన ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. ఈదిన వాళ్ళనూ, పలకలు పట్టుకున్న వాళ్ళనూ దాటి, అధ్యాయం చివరి మాట దాకా చదివారు. పుస్తకం మూశారు.

"ఇన్ని రోజులు నేను మీకు ఓడ గురించి చెప్పిన," అన్నారు. "మనుషుల గురించి చెప్పుడు మరిచిపోయిన. ఇంకొకటి. ఈ చోటుకు గ్రీకుల ఒక మాట ఉన్నదట. నాకు తెల్వదు. తెలిసిన మనిషి మా ఇంట్లనే ఉన్నది. అరుణా, రా బిడ్డా."

అరుణజ్యోతి ముందుకు వెళ్ళింది. దిథాలస్సోస్ అనే మాట పలికి, దాన్ని రెండుగా విడదీసి చూపింది. సముద్రం లేని చోటి నుంచి వచ్చిన మనుషులు ఒడ్డున ఉన్నవాళ్ళ దగ్గర ఒక మాట అడిగి తీసుకుని ఉంటారని చెప్పింది. అది ఇసుకో, బండో, సన్నటి నేలో ఎవరికీ కచ్చితంగా తెలియదని, రెండు వైపులా నీళ్ళున్నాయని మాత్రం తెలుసునని చెప్పింది.

ఆమె ముగించింది. అక్కడ మాట్లాడిన వాళ్ళను మెచ్చుకునే అలవాటు లేదని వెనక వరుసలో ఒకరికి తెలియదు.

"మస్తు చెప్పినవ్ కోడలా!" అన్నాడు గంగారాం, బస్సు చివరి దాకా వినపడే పాత గొంతుతో.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. చక్రధర్ తల వంచుకున్నాడు. అరుణజ్యోతి తండ్రి వైపు చూసింది.

స్వామిదాసు గారు వెనక వరుస వైపు కొద్దిసేపు చూశారు. తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టి, "ఆమేన్," అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. గంగారాం కూడా అన్నాడు, కొంచెం ఆలస్యంగా.